సత్రం గుమాస్తా

కంప్యూటరువాళ్ళ మెమొరీని జ్ఞాపకశక్తి అని తెనిగిస్తే మా మేనల్లుడు ఒప్పుకోడు. "అది శక్తి కాదు మామయ్యా, జాగా" అంటాడు. తెలుగు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి, మాట దగ్గర తగ్గడం నాకు కష్టమే గాని, ఇక్కడ వాడిదే రైటు.

వాడు హైదరాబాదులో ఓ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. కిందటేడు వాడి చేతికింది ప్రోగ్రాముకు రోగం పట్టుకుంది. పొద్దున్న బాగానే లేచేది. పగలల్లా జాగా మింగుతూ పోయి, అర్ధరాత్రికి యంత్రంలో ఉన్నదంతా అయిపోయి కూలబడేది. ఆ వేళప్పుడు వీడికి ఫోను. సంక్రాంతికి వచ్చి మూడు రాత్రులూ కంటిమీద కునుకు లేకుండా కూచున్నాడు. "ఆ ఉద్యోగం మానెయ్యరా నాయనా" అని అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్ద యంత్రానికి డబ్బివ్వడానికి పైవాళ్ళు ససేమిరా అన్నారట.

సంగతేమిటంటే, ప్రోగ్రాముకూ జాగాకూ మధ్య ఒక గుమాస్తా ఉంటాడు. అడిగితే ఇస్తాడు, పని తీరాక పుచ్చుకుంటాడు. యాత్రాస్థలాల్లో సత్రం గుమాస్తాను చూశారు గదా, అచ్చం అలాగే. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు గదులిస్తూ పోతే, సాయంత్రానికి ఇక్కడొకటీ అక్కడొకటీ ఖాళీలు మిగులుతాయి. అప్పుడు పెళ్ళివారు దిగి వరసగా ఆరు గదులు కావాలంటారు. ఖాళీలు పదున్నాయి గాని ఒక్కచోట ఆరు లేవు. గుమాస్తా పక్కిల్లు అద్దెకు తీసుకుంటాడు. రేపు ఇంకో ఇల్లు.

లినక్స్‌లో మామూలుగా కూచునే గుమాస్తాది డగ్ లీ అనే ఆయన 1987లో మొదలుపెట్టిన పద్ధతిలోంచి పెరిగిన వంశం. మంచివాడే. ఒక్కసారే పదిమంది చేతులు చాపితే పద్దుపుస్తకం దగ్గర తోపులాట అవుతుందని చాలా పుస్తకాలు తెరుస్తాడు, 64 బిట్ల యంత్రంలో కోరుకు 8 దాకా. ఈ పుస్తకంలోని ఖాళీ ఆ పుస్తకానికి అక్కరకు రాదు, అదీ చిక్కు. మావాడు ముందు రెండే పుస్తకాలుంచమని శాసించి చూశాడు. జాగా కలిసొచ్చింది, తోపులాట మళ్ళీ మొదలైంది.

అప్పుడు గుమాస్తానే మార్చాడు. 2005లో జేసన్ ఎవన్స్ ఫ్రీబీఎస్‌డీ కోసం రాసిన జెమాలక్ అది. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 కూడా దీన్నే పెట్టుకుంది. ఇద్దరు పట్టే గదులన్నీ ఒక వరస, నలుగురు పట్టేవి ఇంకో వరస. ఖాళీ అయినచోట ఆ కొలతవాళ్ళే దిగుతారు. కాసేపు ఎవరూ రాకపోతే జాగా యజమానికి అప్పగించేస్తాడు. నాకు విచిత్రమనిపించింది ఏమంటే, ప్రోగ్రాములో ఒక్క అక్షరం దిద్దలేదు! "ముందు ఈయన్ను పిలవండి" అని చెప్పే ఎల్‌డీ ప్రీలోడ్ పంక్తి ఒక్కటి చాలిందట.

సర్వరోగనివారిణి కాదు సుమా. తీసుకున్నది తిరిగివ్వని ప్రోగ్రామయితే ఏ గుమాస్తా వచ్చినా ఒకటే, గది ఖాళీ చెయ్యనివాణ్ణి ఎవరేం చేస్తారు? అందుకే మావాడు ఒక యంత్రంలో పాతవాణ్ణీ, ఇంకోదాంట్లో కొత్తవాణ్ణీ పెట్టి వారం రోజులు లెక్కలు రాసుకున్నాడు. గూగుల్‌వారి టీసీమాలక్‌నూ పరీక్షించాడు. ఎవరో గొప్పగా చెప్పారని పెట్టుకోలేదు, ఆ గుణం నాకు నచ్చింది. కొత్త గుమాస్తా ఉన్న యంత్రంలో జాగా మధ్యాహ్నానికి ఒక ఎత్తుకెక్కి అక్కడే ఆగింది. రాత్రి ఫోన్లు ఆగిపోయాయి.

"జెమాలక్ వేశానమ్మా, నిమ్మళించింది" అని వాడు ఫోనులో చెబితే అక్కయ్య అడిగిన మొదటి ప్రశ్న:

"ఏ డాక్టరు రాసిచ్చాడ్రా? భోజనానికి ముందా, తరవాతా?"