విజిట్ వీసా మీద ఎన్నాళ్లు?

2004 ఫిబ్రవరి 10న ఇరాన్‌లోని కిష్ ద్వీపం నుంచి షార్జా వస్తున్న కిష్ ఎయిర్ విమానం దిగబోతూ కూలిపోయింది. 43 మంది చనిపోయారు, ముగ్గురు బతికారు. అందులో పలువురు కిష్‌కు వెళ్లింది షికారుకు కాదు. ఎమిరేట్స్‌లో వీసా గడువు తీరినందుకు దేశం దాటి, కొత్త వీసా వచ్చేదాకా అక్కడ కాచుకుని, తిరిగి వస్తున్న పనివాళ్లు వాళ్లు. భారతీయులూ ఉన్నారు. ఆ తర్వాత కాలంలో ఒమన్ వైపు బురైమి, హత్తా సరిహద్దులకు బస్సులు నడిచాయి. కోవిడ్ రోజుల్లో దేశం దాటకుండానే వీసా మార్చుకునే వీలిచ్చి, 2022 డిసెంబరు నుంచి దాన్ని కుదించాక, పొద్దున విమానమెక్కి పక్క దేశంలో దిగి కొత్త వీసాతో వెనక్కి వచ్చే టికెట్లు అమ్ముడుపోయాయి. దీన్నంతా మనవాళ్లు 'వీసా చేంజ్' అని తేలిగ్గా అనేస్తారు. ఎమిరేట్స్‌లో ఉంటున్న తెలుగువాడిగా నాకు ఇందులో తేలికైనదేదీ కనిపించదు. గడువు పొడిగించుకున్న ప్రతిసారీ మనిషి తన జీతం గురించి నోరెత్తి అడిగే బలాన్ని కొంత పోగొట్టుకుంటాడు. నాలుగైదు నెలలు గడిచేసరికి అడగడానికి ఏమీ మిగలదు.

ఇది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. విజిట్ వీసా మీద పని చేయడం ఇక్కడి చట్టం ప్రకారం తప్పు, పనిలో పెట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. 2024లో సవరించిన చట్టం ప్రకారం పర్మిట్ లేనివాణ్ని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాంల దాకా జరిమానా పడుతుంది. అయినా సప్లై కంపెనీ వాడు 'ముందు పని చెయ్, నచ్చితే వీసా కొడతాం' అంటాడు. లేబర్ కార్డు లేదు కనుక జీతం బ్యాంకులో పడదు. 2009లో మొదలైన వేతన రక్షణ వ్యవస్థ రికార్డుల్లో అతని పేరే ఉండదు. చేతికి ఎంతో కొంత ఇచ్చి, మిగతాది వచ్చే నెల అంటారు. కార్మిక శాఖ గడప తొక్కాలంటే ముందు తన తప్పు తానే ఒప్పుకోవాలి, ఆ సంగతి యజమానికీ తెలుసు. ఇక గడువు దాటితే రోజుకు 50 దిర్హాంల జరిమానా, నెలకు 1,500. క్లీనింగ్, లోడింగ్ పనుల్లో కొత్తగా చేరినవాడికి వచ్చేది వెయ్యి, పన్నెండు వందలు. నెలంతా ఒళ్లొంచి పనిచేసినా ఆ నెల జరిమానాకే చాలదు. పైగా వీసా తీసిచ్చిన ట్రావెల్స్ వాళ్లు తమ మీదికి రాకుండా 'మనిషి పారిపోయాడు' అని రిపోర్టు పెడితే, దాన్ని ఎత్తించుకోవడానికి మళ్లీ డబ్బు. అప్పటికి అతను రూములో అందరి నోటా 'ఖల్లివెల్లి', అంటే కాగితాలు లేని మనిషి, అయిపోతాడు.

తెలంగాణలో గల్ఫ్ అనగానే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పేర్లు వస్తాయి. అవి దశాబ్దాలుగా పోయివస్తున్న ఊళ్లు. అక్కడ ఒక పిల్లవాడు దుబాయి పోతానంటే, ఆ కాగితం చేతిలోకి తీసుకుని 'ఇది విజిట్ గదరా, ఆఫర్ లెటర్ ఏది?' అని అడిగే పెద్దమనిషి వాడకట్టులోనే ఉంటాడు. జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి తొవ్వ వేరు. కరువు చూసిన జనగామ పల్లెలకు వలస అంటే మొదట హైదరాబాదే. ఉమ్మడి వరంగల్ నేతన్నలు సూరత్, భీవండి, షోలాపూర్ పట్టారు. భూపాలపల్లి పిల్లల ఆశలు సింగరేణి గనుల చుట్టూ, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ ప్లాంటు చుట్టూ తిరిగాయి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండాల్లో బతుకు మిర్చి మీద, పత్తి మీద ఆధారపడింది. గల్ఫ్ అనుభవం పలచగా ఉన్న ఇలాంటి చోట్లనే విజిట్ వీసాను ఉద్యోగం పేరుతో అమ్మడం సులువని నా వాదన. అడ్డు ప్రశ్న వేసే మనిషి పక్కన లేకపోతే కన్సల్టెన్సీ వాడు చెప్పిందే వేదం.

ఆ అమ్మకం వెనక అప్పు ఉంటుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పడిపోయిన ఏడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తే నెలకు 4,500 వడ్డీయే. పని కుదిరితే తీర్చొచ్చన్న లెక్కతో తెచ్చిన అప్పు అది. వీసా గడువు ముగిసిన ప్రతిసారీ సరిహద్దు దాటే ఖర్చుకు, కొత్త వీసాకు, బెడ్‌స్పేస్ అద్దెకు మళ్లీ ఇంటికే ఫోన్ చేయాలి. దుబాయి నుంచి మానుకోటకు రావాల్సిన డబ్బు మానుకోట నుంచి దుబాయికి పోతుంది. ఇంత పెట్టాక వెనక్కి వస్తే పరువు పోతుందని తండ్రి ఇంకో ఎకరం కుదువ పెడతాడు. ఈ దశలో 'తిరిగి వచ్చెయ్' అని సలహా ఇవ్వడం మనకు తేలిక. అప్పు ఇచ్చినవాడు ఊళ్లోనే ఉంటాడు.

మన దేశపు చట్టం ఏం చేస్తోందంటే, అది 1983లో ఆగిపోయింది. ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ దారిలో వెళితే యజమాని పేరు, పని, జీతం, ఏజెంటు వివరాలు కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదవుతాయి. ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. పది పాసైతే ఇవేవీ తప్పనిసరి కావు. పది చదివినవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకోగలడని అనుకున్నారు. ఇప్పుడు తండాల్లో ఇంటర్, ఐటీఐ, డిగ్రీ చదివిన పిల్లలు ఉన్నారు. ఎంతో కష్టపడి చదివించిన చదువే వాళ్ల పేరును రికార్డులోంచి తప్పించేస్తోంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. వీళ్లు కూడా ముందుగా నమోదు చేసుకోవాలని కేంద్రం 2018 నవంబరులో ప్రకటించింది. అభ్యంతరాలు రావడంతో అమల్లోకి రాకముందే ఆపేసింది. ఇక శిక్షల సంగతి. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపిన ఏజెంటుకు ఆ చట్టంలో రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఒక్క విజిట్ వీసా మీద వాడు సంపాదించేది అంతకు ఎన్నో రెట్లు. అనుమతి లేకుండా వెళ్లిన కూలీ కూడా అదే సెక్షన్ కింద నేరస్థుడే. 2021లో, మళ్లీ 2025లో కొత్త చట్టాల ముసాయిదాలు బయటికి వచ్చాయి.

విజిట్ మీద వచ్చి మంచి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఎందరో లేరా అని అడగొచ్చు. ఉన్నారు. అకౌంటెంట్లు, ఇంజినీర్లు, సేల్స్ వాళ్లు, ఇప్పటికీ వస్తున్నారు. వాళ్ల దగ్గర అటెస్టేషన్ చేయించుకున్న సర్టిఫికెట్లు ఉంటాయి, రెండు నెలల ఖర్చుకు సొంత డబ్బుంటుంది, పని దొరక్కపోతే తిరుగు విమానం ఎక్కగలరు. వాళ్లు వెతుక్కోవడానికి వస్తారు. అప్పు చేసి వచ్చిన హెల్పర్‌కు వెనక్కి వెళ్లే దారి మొదటి రోజే మూసుకుపోయి ఉంటుంది కనుక, ఎవరు ఏ షరతు పెట్టినా సరేనంటాడు. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకే వీసా, ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. మొదటివాడి విజయాన్ని చూపి రెండోవాణ్ని పంపడం అన్యాయం.

కంపెనీ వీసా మీద వచ్చినవాళ్లూ మోసపోతున్నారు కదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. నిజమే, ఒప్పందంలో ఒక జీతం రాసి ఇక్కడ ఇంకొకటి ఇవ్వడం, పాస్‌పోర్టు లాగేసుకోవడం కొత్తవి కావు. కానీ వాళ్ల పేరు ఏదో ఒక కాగితం మీద ఉంటుంది. 2021 నాటి కార్మిక చట్టం రిక్రూట్‌మెంటు ఖర్చు యజమానే భరించాలంటుంది. పనిలో ప్రాణం పోతే 24 నెలల మూల వేతనం, 18,000 దిర్హాంలకు తగ్గకుండా, రెండు లక్షలకు మించకుండా కుటుంబానికి ఇవ్వాలంటుంది. పేరే లేనివాడు పరంజా మీది నుంచి పడితే, వీడు మా మనిషే కాదని సూపర్‌వైజర్ చెప్పడానికి క్షణం పట్టదు. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం అయిదు లక్షలు ఇస్తోంది. మంచి పనే, కానీ అది మనిషి పోయాక వచ్చే డబ్బు.

అయితే శంషాబాద్ విమానాశ్రయంలోనే ఆపేయమందామా? నేను ఒప్పుకోను. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది. వేషం చూసి, చేతుల కాయలు చూసి 'నువ్వు టూరిస్టువేనా' అని అడిగే పద్ధతి పేదవాణ్ని మాత్రమే అవమానిస్తుంది. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, 3,000 దిర్హాంల నగదు చూపించమన్నా, వాటిని ఒక్క పూటకు సర్దిపెట్టడం ఏజెంటుకు కష్టం కాదు. పైగా విమానాశ్రయం చేరేసరికి అప్పు అయిపోయింది, పొలం కాగితాలు చేతులు మారాయి. అడగాల్సిన ప్రశ్న అంతకు నెల ముందు, దేవరుప్పులలోనో కేసముద్రంలోనో అడగాలి. విదేశీ ఉద్యోగాలకు పంపే లైసెన్సున్న టామ్‌కామ్ అనే సొంత సంస్థ రాష్ట్రానికి ఉంది. దాని మనిషి ఒకరు ఈ మూడు జిల్లాల మండల కేంద్రాల్లో వారానికి ఒక రోజు కూర్చుని, తెచ్చిన వీసా ఏ రకమో, ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చదివి చెబితే చాలు. గల్ఫ్ ఊళ్లలో అనుభవజ్ఞులు చేసే పని అదే.

దీనికి ఇప్పుడే తొందరపడాల్సిన కారణం ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఎమిరేట్స్ ఇచ్చిన క్షమాభిక్షలో జరిమానా లేకుండా, మళ్లీ రాకూడదన్న నిషేధం లేకుండా ఇళ్లకు వెళ్లనిచ్చారు. అలా తిరిగొచ్చినవాళ్లు సరైన వర్క్ పర్మిట్‌తో మళ్లీ రావచ్చు. పని తెలుసు, హిందీ వచ్చు, అరబీ నాలుగు ముక్కలు వచ్చు. ఆ మాట వాళ్లకు చెప్పి, తగిన కంపెనీకి పేరు పంపేవాళ్లు లేకపోతే, పాత అప్పు తీర్చడానికి మళ్లీ ఆ పాత ఏజెంటు దగ్గరికే వెళతారు.