నవలలలోని ప్రయాణములు

నవలలు చదివిన పిల్లలకు ఇల్లు విడిచి తిరుగవలెనను కోరిక పుట్టునని కొందఱు తల్లిదండ్రులు మాతోఁ జెప్పుచుందురు. ఈ సంశయము త్రోసివేయఁదగినది కాదు. మా విద్యార్థుల చేతులలో మిక్కిలి నలిగిన పుస్తకములు ప్రయాణ కథలే. కావున ఆ కథలు చదువరిని ఎచ్చటికిఁ గొనిపోవునో విచారింతము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికయందు ప్రకటింప నారంభించి, 1880లో పుస్తకముగా వెలువరించిరి. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన యాంగ్ల నవల దీనికిఁ బ్రేరణమైనను, ఇందలి గోదావరి తీరమును, ధవళేశ్వరమును, ఇండ్లలోని మాటలును మనవే.

రాజశేఖరుఁడు ధవళేశ్వరమున ధనవంతుఁడు, దాత. స్తోత్రపాఠకు లాయన వాకిట నెప్పుడును నిండియుందురు. బంగారము చేసి యిచ్చెదనని నమ్మించిన బైరాగి యున్న సొమ్మును గొనిపోఁగా, పొగడిన నోళ్లన్నియు మూఁతపడెను. అంతట నాయన కుటుంబముతోఁ గాశికి బయలుదేఱెను. త్రోవలో ఎండదెబ్బకు సొమ్మసిల్లిన బాటసారి నొకనిఁ జూచి, ఉపచారములు చేసి సేదదేర్చెను. ఆతఁడు మాఱువేషమునఁ దిరుగుచుండిన పెద్దాపురపు ప్రభువని ఆయన యెఱుఁగఁడు.

మా విద్యార్థులకు మేము ముఖ్యముగాఁ జూపఁగోరునది యీ ఘట్టమే. ఇంటియొద్ద నాయన చేసిన దానములకుఁ బొగడ్త వెంటనే లభించుచుండెను. అది దయయో, పొగడ్తపై మక్కువయో ఆయనకే తెలియదు. బాటపైఁ బొగడువారు లేరు. ఇచ్చుటకు ధనమును లేదు. అయినను చేయి చాఁచెను. తనలోని దయ నిజమైనదని యచ్చటనే తేలినది. సొంత యూర మనకంటె ముందు మన పేరు నడచును. పరాయి త్రోవలో మనము మాత్రమే నడతుము. సంచార నవలల యాకర్షణ మిందే యున్నదని మా తలంపు.

ఆ కుటుంబము కాశికిఁ జేరనే లేదు. అయినను ప్రయాణము వ్యర్థము కాలేదు. పంతులుగారే స్విఫ్టు 1726లో ప్రకటించిన 'గలివరు ప్రయాణముల' ననుసరించి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' వ్రాసిరి. అందు స్త్రీలు పురుషుల నేలెడు దేశమును జూపి, మన యింటి యాచారములనే తలక్రిందుగా నిలిపిరి. దూరదేశపు కథ చదివినవాఁడు తుదకుఁ జూచునది తన యిల్లే.

మా విద్యార్థులలో ననేకులు చదువు ముగియఁగనే ఊరు విడిచి, తమ్మెఱిఁగినవా రొక్కరును లేని పట్టణములకుఁ బోవుదురు. ఆ దినమున వారికి మార్కుల పట్టికకంటె నెక్కుడు తోడు కావలసియుండును. కావున, తల్లిదండ్రులారా, పిల్లవాని చేతఁ బ్రయాణ నవలను జూచినప్పుడు దానిని లాగికొనకుఁడు, ప్రక్కనఁ గూర్చుండి, "ఆ బాటపై నీవుండినచో నేమి చేసి యుందువు?" అని యొక్క ప్రశ్న మడుగుఁడు. వాఁడు వెంటనే బదులు చెప్పకున్నను నష్టము లేదు.