బిడ్డలు – వెలుగునీడలు

బిడ్డ యన్నము తినకున్నను, ఏడ్పు మానకున్నను, మన యిండ్లలో మొదట వినవచ్చు మాట "అదిగో బూచి!" యనునది. బూచి యెక్కడ నున్నదని బిడ్డ యడిగినచో గోడమీది నీడను చూపుట మన కందఱకును సులువైన పని. సోదరీమణులారా! ఈ తప్పు మేమును చేసితిమి. దానిని దిద్దుకొనుటకు మా కొక యేడాది పట్టినది. ఆ యేడాదిలో మేము నేర్చిన నాలుగు మాటలు మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆశ్వయుజమాసమున నొకరాత్రి కరెంటు పోయినది. నూనెదీపము వెలిగించి, ఐదేండ్ల మా యమ్మాయికి అన్నము కలిపి పెట్టుచుంటిమి. అది తల త్రిప్పుకొనెను. మాకు విసుగు గలిగి గోడమీద కదలుచున్న మా నీడనే చూపి "బూచి వచ్చె" నంటిమి. బిడ్డ గుక్కత్రిప్పుకొనకుండ అన్నము మ్రింగెను. మేము గెలిచితిమనుకొంటిమి. కాని నాటినుండి దీపముపెట్టు వేళయైనచో అది వసారా దాటి రాదు. కార్తికమాసమున తులసికోటవద్ద దీపములు పెట్టునపుడు పొరుగుపిల్లలందఱు చప్పట్లు కొట్టుచుండ, మా బిడ్డ గడపయొద్ద నిలిచి యేడ్చెను. వెలుగు నిచ్చు దీపమును చూచియే బిడ్డ వెఱచునట్లు చేసితిమి గదా యని మా మనస్సు చివుక్కుమనెను.

"అది బూచి కా"దని చెప్పి చూచితిమి. భయము మాటతో పుట్టును గాని మాటతో పోదు. కనుక నొకనాడు పట్టపగలే గది తలుపులు మూసి, ముక్కాలిపీటమీద దీపముంచి, సున్నము వేసిన గోడ కెదురుగా బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొంటిమి. మా చేతిని దీపమునకు దగ్గఱగా జేర్చిన నీడ గోడనంతయు నిండెను. గోడకు దగ్గఱగా జరిపిన కొలదియు చిన్నదై, అంచులు తేరి, తుదకు చేయంతయే యయ్యెను. దీపమునకు దగ్గఱనున్న వస్తువు ఎక్కువ వెలుగును అడ్డగించును. అందుచేతనే నీడ పెద్దది. ఈ కారణమును బిడ్డకు చెప్పలేదు. దాని చేతినే పట్టి ముందునకును వెనుకకును జరిపితిమి. కొంతసేపటికి అది మా చేయి విడిపించుకొని, తనంతట తానే జరిపి, "అమ్మా! బూచిని చిన్నది చేసేశాను" అనెను.

మన తోలుబొమ్మలాటవారి విద్యయు ఇదియే. బొమ్మను తెర కదిమి పట్టిన రూపము స్పష్టముగా నుండును. వెనుకకు తీసిన పెద్దదై మసకబాఱును. తోలు పలుచగా నుండుటచే రంగులును తెరపై వెలుగును.

పిమ్మట ధనుర్మాసము వచ్చినది. వాకిట ముగ్గు పెట్టునపుడు పండ్రెండంగుళముల పుల్లనొకదానిని నిలువుగా నాటి, మధ్యాహ్నపు నీడ కొసను ముగ్గుపిండితో గీత గీయుట బిడ్డకు పనిగా నిచ్చితిమి. ఈ కొలత మేము కల్పించినది కాదు. సూర్యసిద్ధాంతమున చెప్పిన శంకువు పండ్రెండంగుళములదే. నాడు అంగుళమన్న వ్రేలి వెడల్పు. నేడు బడిపిల్లల కొలతబద్దతో కొలిచినను నిష్పత్తి మాఱదు. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున మా మైలవరములో మధ్యాహ్నపు నీడ పదియంగుళములు. సంక్రాంతినాడు, గొబ్బెమ్మలు పెట్టిన వాకిట, తొమ్మిదిన్నరకు కొంచెము తక్కువ. మార్చి 21కి మూడున్నర దాటి స్వల్పము. ఉగాదినాటికి బిడ్డ "నీడ పుల్ల దగ్గరికి నడిచి వస్తోం"దని యిల్లిల్లు తిరిగి చెప్పెను.

వేసవిలో మామిడితోటయే మా బడి. మాగాయ ముక్కలు ఆరబోసిన చాపను నీడ వచ్చినప్పుడెల్ల ఎండలోనికి జరుపుట మనకు తెలిసిన పనియే. ఆ చాప నేల జరుపవలసి వచ్చునో బిడ్డనే చూడనిచ్చితిమి. చెట్టు కదలలేదు, చాప కదలలేదు, నీడ కదలినది. కదలినట్లు కనబడువాడు సూర్యుడని తానే చెప్పెను. దట్టమైన మామిడి క్రింద నేలమీద గుండ్రని వెలుగుబిళ్లలు కనబడును. ఆకులనడుమ సందులు గుండ్రముగా లేకున్నను బిళ్లలు గుండ్రముగానే యుండును. ఏలయన నవి సూర్యబింబపు ప్రతిరూపములు. 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయమున మన ప్రాంతమున పాక్షిక సూర్యగ్రహణము పట్టినపుడు చెట్లక్రింది యా బిళ్లలన్నియు నెలవంకలైనవి.

గ్రహణమనగా మనము తలుపులు మూసికొందుము. అదియు నొక నీడయే. చంద్రుని నీడ భూమిమీద పడుట. 1868 ఆగస్టు 18వ తేదీన ఆ నీడలో నిలుచుటకై జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సునుండి సముద్రములు దాటి మన గుంటూరునకు వచ్చెను. సూర్యుని యంచున లేచు ఎఱ్ఱని మంటలు వాయుమయములని యక్కడ గ్రహించెను. నీడకు వెఱచినవారు లోపల నుండిరి. దానిని చూడ వచ్చినవాడు సూర్యునిగూర్చి క్రొత్తమాట తెలిసికొనిపోయెను.

మే 7, 8 తేదీల ప్రాంతమున మా యూరిలో సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. గడియారము పండ్రెండు దాటిన నాలుగు నిమిషములకు మా పుల్లకు నీడయే లేదు. బిడ్డ చుట్టును తిరిగి చూచి, "ఎక్కడికి పోయిందమ్మా?" అని దిగులుపడెను. ఆశ్వయుజమున నీడను చూచి యేడ్చిన బిడ్డ నీడ కనబడలేదని వెదకుచుండుట చూచి మాకు కన్నులు చెమర్చినవి.

ఇక మా తప్పు. మధ్యాహ్నపు నీడ యెల్లప్పుడు ఉత్తరముగా పడునని మేము చిన్నతనమునుండి నమ్మియుంటిమి. బిడ్డకును అట్లే చెప్పితిమి. జూను నెలలో తొలకరి మబ్బులు విడిన యొకనాడు అది పరుగున వచ్చి "నీడ నూతివైపు పడిం"దనెను. మా నూయి దక్షిణమున నున్నది. "గీత తప్పు గీచితివి, సరిగా చూడు" మని కసరితిమి. అది వాదింపక, మా కొంగు పట్టుకొని యీడ్చుకొని పోయి చూపెను. నీడ ఒకటిన్నర యంగుళమునకు కొంచెము తక్కువగా నూతివైపే పడియుండెను.

తరువాత మా వారితో కూర్చుండి లెక్క చూచితిమి. మా యూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదునాఱు ముప్పాతిక డిగ్రీలమీద నున్నది. సూర్యుడు ఇరువదిమూడున్నర డిగ్రీలవఱకు ఉత్తరమునకు పోవును. కనుక మే మొదటివారము దాటినది మొదలు ఆగస్టు 5, 6 తేదీలవఱకు, సుమారు మూడు నెలలు, మధ్యాహ్నసూర్యుడు మాకు ఉత్తరముననే యుండును; నీడ దక్షిణమునకు పడును. ఢిల్లీలో నివసించు తల్లి కిది యెన్నడును కనబడదు. ముప్పదియేండ్లకు పైగా ఈ యెండలోనే తిరిగియు మేమొక్కనాడును నేలవైపు చూడలేదు.

"నీవు చెప్పినదే నిజము, అమ్మ పొరబడినది" అని బిడ్డతో చెప్పుటకు నోరు రాలేదు. చెప్పితిమి. అది గర్వపడలేదు, "రేపు మళ్లీ చూద్దామా?" అని మాత్ర మడిగెను.

సోదరీమణులారా! దీనికి సొమ్ము అక్కఱలేదు. ఒక పుల్ల, చిటికెడు ముగ్గుపిండి చాలును. ఒక్క జాగ్రత్త: బిడ్డలను సూర్యునివంక చూడనీయరాదు, వీపు సూర్యునికి పెట్టి నేలను చూడవలెను. దీపముతో ఆడునపుడు పెద్దలు ప్రక్కనే యుండవలెను.

మొన్న రాత్రి కరెంటు పోయినది. చంటివాడు గోడను చూచి కెవ్వుమనెను. వంటింటినుండి మేము వచ్చులోపలనే అమ్మాయి వాని చేయి పట్టుకొని దీపమువద్దకు తీసికొనిపోయి, "బూచి కాదురా తమ్ముడూ, అది నీ చెయ్యే. ఇలా జరుపు" అనుచుండెను.