సీసా మూతి రహస్యం

జవాబు పత్రాలు దిద్దే పని మీద మొన్న విశాఖపట్నం వెళ్ళాను. అక్కడికి వెళ్ళినవాడు సముద్రం చూసి రావడం ఆనవాయితీ. మా మేనల్లుడు మాత్రం నన్ను స్కూటరు మీద యారాడ కొండ ఎక్కించి, సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టి, "అటు చూడు మామయ్యా!" అన్నాడు.

కింద మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం. 1957లో కాల్టెక్సువారు నెలకొల్పినది. 1978 నుంచి హిందూస్థాన్ పెట్రోలియం వారిది. గొట్టాల అడవి మధ్య ధ్వజస్తంభాల్లా ఉక్కు స్తంభాలు. అటువంటి స్తంభాల లోపల అమర్చే పళ్ళేలకు నమూనాలు గీయడమే మావాడి వృత్తి.

"లోపల ఏముంటుందిరా?" అన్నాను.

"అత్తయ్య అన్నం వండితే మూత కింద నీటిబొట్లు పట్టవూ? అదే ఇక్కడా. ముడిచమురును కొలిమిలో 350 డిగ్రీల దాకా కాచి స్తంభం అడుగుభాగాన వదులుతారు. ఆవిరి పైకి పోయేకొద్దీ చల్లబడి, బరువైనది కిందా, తేలికైనది పైనా ద్రవమవుతుంది. కింద డీజిలు, ఆపైన కిరసనాయిలు, శిఖరాన నాఫ్తా. ఏ అంతస్తులో దిగినదాన్ని అక్కడే పట్టుకోవాలి. అందుకు వాడే పళ్ళేనికి పొట్టి పొగగొట్టాలుంటాయి. ఆవిరి వాటిగుండా పైకి పోతుంది. ద్రవం వాటిలో పడకుండా ఒక్కొక్కదానికీ ఓ టోపీ. పళ్ళెంలో నిలిచిన ద్రవం పక్క గుంటలోకి దిగి, గొట్టం వెంట బయటికి వస్తుంది."

"ఇంతేకదా!"

వాడి ముఖం చిన్నబోయింది. "నేనూ అలాగే అనుకున్నాను మామయ్యా. మొదటి ఉద్యోగంలో, ఆ కంపెనీ పేరెందుకులే, డీజిలు మరికాస్త ఎక్కువ తీయాలన్నారు. పాత గొట్టమే చాలునని లెక్క కట్టాను. నిండు సీసాను తలకిందులు చేసి చూడు. బుడబుడమంటుందే గాని ధార కట్టదు. నీళ్ళు బయటికి రావాలి, గాలి లోపలికి పోవాలి. రెంటికీ ఒకటే వాకిలి. మరుగు మీదున్న ద్రవం బుడగల్ని వెంటతెస్తుంది. గుంటలో కాసేపు నిలిస్తే అవి తేలిపోతాయి. గొట్టం మూతి వెడల్పుగా ఉంటే మిగిలినవీ ఎదురెక్కి పోతాయి. నేను ఇరుకు మూతి ఉంచేశాను. కవాటం ఎంత తెరిచినా డీజిలు రాలేదు. పళ్ళెం నిండి, కిందికి పొర్లి, బరువు నూనెలో కలిసిపోయింది."

"సరిచేయలేకపోయారా?"

"లోపల మంటలాంటి వేడి. స్తంభాన్ని ఆపి చల్లార్చేదాకా మనిషి అడుగు పెట్టలేడు. రెండేళ్ళు ఆగవలసి వచ్చింది. అన్నాళ్ళూ రోజూ పొర్లుతూనే ఉంది. నాన్నతో కూడా చెప్పలేదు."

చీకటి పడింది. కర్మాగారంలో దీపాలు వెలిగాయి. వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఏం చెప్పాలో తోచలేదు.

"మరి ఇప్పుడెలా గీస్తున్నావు?"

"మొదట మూతి సంగతి చూస్తాను. పళ్ళెం తరవాత."

మర్నాడు మూల్యాంకన కేంద్రంలో రెండు కట్టలు దిద్దవలసినవాణ్ణి, వేసిన మార్కులు మళ్ళీ మళ్ళీ కూడుకుంటూ ఒక్క కట్టే దిద్దాను. పర్యవేక్షకుడు రెండుసార్లు గడియారం చూపించాడు.