కానరాని కష్టము

విందు భుజించినవారు కూర రుచిని మెచ్చుకొందురు గాని, కూరగాయలు తరిగినదెవరో, అంట్లు తోమినదెవరో అడుగరు. ఇంటిపనులయందే గాక నేటి కొత్త వృత్తులయందును ఈ న్యాయమే చెల్లుచున్నది. అట్టివానిలో నొకటి, వర్తకులకును పాఠశాలలకును వెబ్‌సైట్లు నిర్మించి యిచ్చుట. మా తోడికోడలు అద్దంకిలో మా యింటనే యుండి యీ పని చేయుచున్నది. నేను బడిపంతులుగారి భార్యను. ఇంటివద్దనే భారత భాగవతములు చదువుకొన్నదానను. ఆమె కట్టు వెబ్‌సైట్లకు తెలుగు వాక్యములు దిద్ది యిచ్చుట నా వంతు. ఆ చనువున నేనెరిగిన సంగతులు కొన్ని మీకు విన్నవించెదను.

1989లో టిమ్ బర్నర్స్‌లీ అను నాతడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున నుండి యీ యేర్పాటును ప్రతిపాదించెను. 1993 ఏప్రిలు 30న ఆ సంస్థ దానిని రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టెను. అందుచేతనే మా వంటి యూరి యిల్లాలు సైతము ఎవరికిని సుంకము చెల్లింపక ఈ విద్యను వాడుకొనగలుగుచున్నది.

ఈ పని కంప్యూటరుతో గాక ప్రశ్నలతో నారంభమగును. ఒక మిరపకాయల వర్తకుడు వచ్చి, “నాలుగు ఫొటోలు, మా ఫోను నంబరు ఉంటే చాలునమ్మా” అనెను. ఆమె పుస్తకము తెరచి యడుగసాగెను. కొనువారెవరు? కారము పట్టించుకొను గృహస్థులా, టన్నులకొలది కొను పరదేశపు బేరగాండ్రా? కాయ తేజయా, బ్యాడిగియా? తొడిమ తీసినదా, తీయనిదా? కొత్త పంటయా, కోల్డ్ స్టోరేజిలో నిలువయున్నదా? ఈ జవాబులు రాబట్టుటకే మూడు వారములు పట్టెను. పిమ్మట ఏ పుటలో ఏది యుండవలెనో కాగితముపై నక్షా గీసి చూపెను.

అటుపిమ్మటనే కట్టుబడి. హెచ్‌టీఎంఎల్ అను గుర్తుల భాష ఇంటికి గోడలు, దూలములవంటిది. సీఎస్ఎస్ అనునది సున్నము, రంగు, ముగ్గు. తాకినంతనే తలుపు తెరచుకొనునట్టి కదలికలు జావాస్క్రిప్టు పని. ఇవి మూడును చూపరుల కంట బడవు.

తెలుగు పుటలకు మరియొక చిక్కు కలదు. పూర్వము ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటును వాడుటచే, ఆ ఫాంటు లేనివారి కంప్యూటరులో అక్షరములు గజిబిజిగా గానవచ్చెడివి. 1991 నాటి యూనీకోడు ఏర్పాటులో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. అది క్రమముగా వాడుకలోనికి వచ్చి ఆ బాధ తీరెను. మనము ఒక్క యక్షరముగా వ్రాయు “స్త్రీ” కంప్యూటరునకు ఆరు గుర్తుల వరుస. ఆంగ్లమునకు సరిపోవు పంక్తుల యెడము మనకు చాలదు. పైన గుడులు, క్రింద వత్తులు తెగిపోవును. వానిని సరిచూచుటకు ఒక పూట పట్టును. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అను పేర్ల ఫాంట్లు నేడు ఉచితముగా దొరకుచున్నవి. ప్రబంధకవులు మిరపకాయల బస్తాల ప్రక్కన నిలుచుట నాకు వేడుకగానే యుండును.

యంత్రముచేత అనువదించిన తెలుగును కొందరు తెచ్చి యిత్తురు. అందు “హోమ్” అనుచోట “ఇల్లు” అని యుండును! దానిని “మొదటి పుట” యని దిద్దుట మొదలు నా పని సాగును.

పుటలు సిద్ధమైన పిమ్మట పరీక్షలు. చూచువారిలో ననేకులు చిన్న ఫోనులలో చూతురు. కావున మా తోడికోడలు పాత ఫోను పట్టుకొని సిగ్నలు సరిగా అందని పెరటిలో నిలిచి, పుట ఎంతసేపటికి తెరచుకొనునో లెక్కించును. పెద్ద ఫొటోల బరువు తగ్గించును. చూపులేనివారి ఫోను చదివి వినిపించుటకై ప్రతి బొమ్మకును ఒక వాక్యము జతచేయును.

మా యూర దొరకిన పండరంగని శాసనము క్రీ.శ. 848 నాటిది. అందలి తరువోజ పద్యమును నేటికిని చదువవచ్చును. వెబ్‌సైటు శిలాశాసనము గాదు. దాని పేరును, అది నిలిచియుండు సర్వరు చోటును అద్దెకు దెచ్చుకొన్నవి. గడువునకు సొమ్ము చెల్లింపనిచో మాయమగును. దొంగలు చొరబడకుండ మరమ్మతులు చేయుచు, ప్రతులు దాచుచుండవలెను.

ఇంత జరిగిన పిమ్మట ఆ వర్తకుడు, “నాలుగు పుటలకు ఇంత సొమ్మా? యంత్రముతో ఒక్క పూటలో చేయవచ్చునట!” అని కడపటి వాయిదా బిగబట్టెను. యంత్రములు నేడు నిమిషములలో పుట కూర్చుట నిజమే. కాని వర్తకుని సరకు సంగతి వానికెవరు చెప్పవలెను? తెగిన వత్తును ఎవరు కనిపెట్టవలెను? మా అత్తగారు సైతము విసిగి, “కన్నులు పోగొట్టుకొని చేసినదానికి ఫలమిదియా? మానుకొనుమమ్మా” అనిరి.

మా తోడికోడలు బదులాడక తన లెక్కల పుస్తకము తెచ్చి చదివెను. ఏనాడు ఏ పని, ఎన్ని గంటలు. మొత్తము 90 గంటలు. కంటికి గానవచ్చు పుటల కూర్పునకు పట్టినవి 20 మాత్రమే. ఆ పట్టిక చూచి వర్తకుడు బాకీలో సగమిచ్చెను. తక్కినది నేటికిని రాలేదు. అత్తగారు మాత్రము ఆ పుస్తకమును చేత బట్టుకొని చాలసేపు చూచి, “నలువది యేండ్లుగా ఈ యింట నేను చేసిన చాకిరికి ఇట్టి పుస్తకమొకటి లేకపోయెనే!” అనిరి. మానుమను మాట మరల వారి నోట రాలేదు.

మా తోడికోడలు పేరు తాను కట్టిన పుటలపై నెక్కడను ఉండదు. అందుకామె చింతింపదు. 14వ శతాబ్దమున అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువున నుండిన ఎర్రాప్రగడ, నన్నయభట్టు విడిచిన అరణ్యపర్వ శేషమును నన్నయ రచనయే యని తోచునట్లు పూరించి, రాజరాజనరేంద్రుని పేరనే సమర్పించెను. పరుల పేర పనిచేయుట కొరత గాదు. ఆ పని లెక్కకు రాకపోవుటయే కొరత. ఎర్రన కష్టమును లోకము మరువలేదు గదా!

ఇప్పుడామె పని చేపట్టకముందే కాగితము వ్రాయించుకొనుచున్నది. సొమ్ములో మూడవ వంతు ముందుగాను, మూడవ వంతు నక్షా ఒప్పుకొన్నప్పుడును, మిగిలినది వెబ్‌సైటు లోకమునకు తెరచుటకు ముందును చెల్లింపవలెను. మార్పులు రెండుమారులే ఉచితము. ఏటేటి సంరక్షణ వేరు. వెబ్‌సైటు పేరు మాత్రము వర్తకుని పేరనే నమోదు కావలెను. అది వాని సొత్తు.

ఇంట నుండి కుట్టుపనియో, పచ్చళ్లో, పాఠములో, కంప్యూటరు పనియో చేయు సోదరీమణులకు నా మనవి యొక్కటే. అణా కాసుల పద్దులు వ్రాయుటలో మనకు మనమే సాటి. ఆ పుస్తకముననే మన గంటలకును ఒక వరుస గీయుదము.