పులికాట్‌లో పడవ ఆగితే...

చూడటానికి సముద్రమంత. దిగితే చాలాచోట్ల నడుం లోతు కూడా ఉండదు! పులికాట్ సరస్సు తీరే అంత. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలో ఉంది (2022 దాకా నెల్లూరు జిల్లా). దక్షిణం కొస తమిళనాడులోకి వెళ్తుంది. బంగాళాఖాతానికీ సరస్సుకీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి. సూళ్లూరుపేట నుంచి అక్కడికెళ్లే రోడ్డు మీద కారాపి, ఫ్లెమింగోల్ని ఫొటో తీసుకుని చాలామంది వెనక్కి తిరిగేస్తారు. సరస్సు సంగతి తెలియాలంటే మాత్రం తడ దగ్గర భీములవారిపాళెంలో పడవెక్కాల్సిందే.

ఫిబ్రవరి చివర్లో ఓ ఆదివారం నాయుడుపేట నుంచి ఓ కుటుంబం అలాగే వచ్చింది. అమ్మ, నాన్న, నాయనమ్మ, పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప. రెండు గాలాలు, ఎరకి రొయ్య ముక్కలు, క్యారియర్‌లో చిత్రాన్నం. ఇరకం దీవి వైపు కాస్త దూరం వెళ్లి, చేపలు పట్టుకుని, మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చేయాలని లెక్క. పడవ నడిపేది అరవై దాటిన పెద్దాయన. పాప గాలానికి రెండు జెల్లలు పడ్డాయి. బాబు గాలానికి నాచు. ఆ మాట వాడు ఇంకో ఏడాది వినాలి పాపం!

తిరిగొస్తుంటే ఇంజిను గుర్రుమని ఆగిపోయింది. ఎవరో పారేసిన నైలాను వల ముక్క ఫ్యానుకి చుట్టుకుంది. పెద్దాయన కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. వల కోసేలోగా గాలికి పడవ పక్కకి కొట్టుకెళ్లి బురదమేట మీద కూర్చుంది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. నడిచి వెళదామంటే కాళ్లు దిగబడే బురద, అడుగున కత్తుల్లాంటి ఆలిచిప్పలు. నెత్తిన ఎండ, సీసాలో సగం నీళ్లు, నాయనమ్మ బీపీ మాత్రలేమో కారులో!

‘భయపడబాకండమ్మా, గెడ ఉండాదిగా’ అన్నాడు పెద్దాయన. గెడ గుచ్చి చూసి, ‘నా చిన్నప్పుడు ఈడ ఇంత గెడా మునిగేది. ఇప్పుడు పడవే ఆనతా ఉండాది’ అని గొణిగాడు.

ఆ గొణుగుడు వెనక పెద్ద కథే ఉంది. ఈ సరస్సుకి సముద్రంతో సంబంధం మూడు ముఖద్వారాల దగ్గరే: ఉత్తరాన తూపిలిపాళెం, మధ్యలో రాయదొరువు, దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు. అలలు మోసుకొచ్చే ఇసుక మేటలు వేసి, మన వైపున్న రెండూ పూడిపోతూ వచ్చాయి. వానాకాలంలో కాళంగి లాంటి నదులు మంచినీళ్లు తెస్తాయి, వాటితోపాటు ఒండ్రునీ తెస్తాయి. సముద్రం నీళ్లు సరిగా రాకపోతే వేసవిలో ఉప్పదనం పెరిగిపోతుంది, ఉత్తరం వైపు నేల నెర్రెలిచ్చి ఎండిపోతుంది. సముద్రంలో పుట్టి, పెరగడానికి సరస్సులోకొచ్చే రొయ్యపిల్లలకి దారి మూసుకుపోయినట్టే. వాటినే నమ్ముకున్న పాళేలకి బతుకుదెరువు కరవు. చేపలున్న దక్షిణం వైపు వెళితే సరిహద్దు దగ్గర తమిళనాడు జాలర్లతో తగాదాలు. పూడిక తీయమని ఇక్కడి మత్స్యకారులు అడుగుతున్నది నిన్నా మొన్నా కాదు. పడవే బస్సూ అంబులెన్సూ అయిన దీవుల్లో ఒడ్డుకి అరమైలు దూరంలో ఆగిపోతే ఏమవుతుందో ఊహించడం కష్టమేం కాదు.

ఆ రోజు ఆదుకున్నది ఓ యానాది అవ్వ. తాటాకు బుట్టతో, చేతుల్తో నీళ్లు తడుముతూ రొయ్యలు పడుతోంది. ‘అట్టా కాదు, ఎడంపక్క తొయ్యండి, ఆడ కాలవ ఉండాది’ అని అరిచింది. నాన్నా, బాబూ చెప్పులతోనే దిగారు. పెద్దాయన గెడ వేస్తే వీళ్లు వెనక నుంచి తోశారు. మూడోసారికి పడవ కదిలింది. పీకల్దాకా బురదయిన బాబు ఆ క్షణం నుంచి హీరో! నాచు మాట కాసేపు ఆగింది. అవ్వ దగ్గర రొయ్యలు కొని, బేరం ఆడకుండా డబ్బులిచ్చింది అమ్మ. ఒడ్డుకి చేరేసరికి నాలుగైంది.

చెన్నై నుంచి సూళ్లూరుపేట వరకూ లోకల్ రైళ్లున్నాయి, తడలోనూ దిగొచ్చు. భీములవారిపాళెం జాతీయ రహదారి పక్కనే. పక్షులు కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, నేలపట్టు కూడా చూసిరావచ్చు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. నీళ్లూ మాత్రలూ చేతిసంచిలోనే ఉంచుకోండి. తడిసినా పర్లేదనుకునే పాత చెప్పులు వేసుకుంటే మరీ మంచిది.