షడ్జ పంచమాలకు మారిన బాస్ గిటార్

ఆబిడ్స్ కూడలి నుంచి నాంపల్లి రైల్వే స్టేషను వరకు కాలినడకన వెళ్లగలిగినంత దూరంలోనే హైదరాబాదు సంగీత జీవితపు పాయలు ఎన్నో పక్కపక్కనే ప్రవహిస్తూ కనిపిస్తాయి. రామకోటి వైపు శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వీణ, వయొలిన్ పాఠాలు సాగుతుండగా, చాపెల్ రోడ్డు పరిసరాల చర్చిలలో ఆదివారపు ఆరాధన కీర్తనలకు గిటార్లు, కీబోర్డులు తోడవుతాయి. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఖవ్వాలీకి నెలవుగా ఉంటే, దశాబ్దాలపాటు తెలుగు విశ్వవిద్యాలయం కొలువున్న పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణం సభలకు పేరుపొందింది. ఇన్ని సంప్రదాయాలు ఒకేచోట మసలే ఈ పేటలలో బాస్ గిటార్ వాయించే యువకులు తమ వాద్యాన్ని మామూలు శ్రుతి నుంచి వేరే శ్రుతులకు ఎలా మార్చుకుంటున్నారో, ఆ విద్య ఎలా అబ్బుతుందో పరిశీలించడం ఈ పర్యటన ఉద్దేశం.

బాస్ గిటార్ అంటే మామూలు గిటార్ కంటే ఒక స్థాయి కింద పలికే నాలుగు తీగల వాద్యం. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ పేరుతో విపణిలోకి తెచ్చిన నమూనాయే నేటికీ దీనికి ప్రమాణం. అందులో నట్ అనే చిన్న పట్టీ నుంచి బ్రిడ్జి వరకు మోగే తీగ పొడవు 34 అంగుళాలు. లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఈ నాలుగింటినీ వరుసగా 'ఈ', 'ఏ', 'డీ', 'జీ' స్వరాలకు, అంటే సెకనుకు 41.2, 55, 73.4, 98 కంపనాలకు బిగించడం మామూలు పద్ధతి. ఏ రెండు పక్క తీగలను తీసుకున్నా వాటి మధ్య షడ్జానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత దూరం ఉంటుంది. ఈ అమరికను ఏ విధంగా సడలించినా, బిగించినా దాన్ని ప్రత్యామ్నాయ శ్రుతి అంటారు.

ఆబిడ్స్ నుంచి కోఠీ వైపు సాగే సందులలో ఒకదానిలో ఉన్న మరమ్మతు గదిలో సందర్శకులు ముందుగా గమనించేది, శ్రుతి మార్చమని వాద్యం తెచ్చినవారిని అక్కడి పనివాడు అడిగే ప్రశ్న. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆయన బిరడలను తాకకముందే, మార్చిన శ్రుతి ఒక్క పాటకా, ఎప్పటికీనా అని తెలుసుకుంటాడు. ఎందుకంటే ఆ రెండింటికీ చేయవలసిన పని పూర్తిగా వేరు. తీగ బిగువు దాని కంపన సంఖ్య వర్గాన్ని అనుసరించి మారుతుంది గనుక, లావు తీగను 'ఈ' నుంచి రెండు అర్ధస్వరాలు దించి 'డీ'కి తెస్తే, అంటే 41.2 కంపనాల నుంచి 36.7కు దించితే, బిగువు మొదటిదానిలో 79 శాతానికి పడిపోతుంది. అదే తీగను ఐదు అర్ధస్వరాలు దించి 'బీ'కి, అంటే 30.9 కంపనాలకు తెస్తే మిగిలేది 56 శాతమే. అప్పుడది మోగడానికి బదులు మెట్ల మీద కొట్టుకొని గరగరలాడుతుంది. అందుకే 'బీ', 'ఈ', 'ఏ', 'డీ' అనే లోతైన శ్రుతి కోరేవారికి ఉన్న తీగలను వదులు చేయక, ఐదు తీగల బాస్ కోసం తయారైన కట్టలోంచి సన్నతీగను విడిచి మిగిలిన నాలుగింటిని బిగిస్తారు. 130 కొలత గల లావు తీగ, అంటే అంగుళంలో వెయ్యింట 130 వంతుల మందం గలది, మామూలు 105 తీగ కోసం కోసిన నట్ గాడిలో కూర్చోదు గనుక ఆ గాడిని సన్నని ఆకురాయితో వెడల్పు చేయవలసి వస్తుంది.

బిగువు తగ్గిన ప్రభావం తీగతో ఆగదు. బాస్ మెడలో ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. నాలుగు తీగలు కలిసి మెడను ముందుకు వంచాలని లాగుతుంటే ఈ కడ్డీ వెనక్కి పట్టి ఆ వంపును అదుపులో ఉంచుతుంది. తీగలన్నీ వదులైతే కడ్డీదే పైచేయి అయి, మెడ అతిగా నిటారై, మొదటి మెట్ల దగ్గర తీగలు తగులుతాయి. అప్పుడు కడ్డీ మరను ఒక్కసారికి పావు చుట్టు మించకుండా సడలించి, మెడ కుదురుకునేదాకా ఆగి, మళ్లీ చూడాలి. వదులు తీగను మెట్టు మీద నొక్కితే స్వరం ఉండవలసినదానికంటే కొంచెం పైకి పోతుంది కాబట్టి బ్రిడ్జి మీది ఆధారాన్ని వెనక్కి జరిపి తీగ పొడవు పెంచడం కూడా అవసరమే. శ్రుతి మార్పును కేవలం బిరడలు తిప్పే పనిగా భావించే కొత్తవారు ఉస్తాద్ బల్ల దగ్గర కొంతసేపు నిలబడి చూడడం ఎంతైనా మేలు.

ఒక్క పాట కోసం చేసే మార్పులో అందరూ మొదట నేర్చేది డ్రాప్ డీ అనే అమరిక, అంటే మిగిలిన మూడింటినీ కదపకుండా లావు తీగను మాత్రమే 'డీ'కి దించడం. విద్యుత్ ట్యూనర్ ఆకుపచ్చ దీపం చూపేదాకా బిరడ తిప్పితే పని అయిపోతుందనేది నిజమే అయినా, చెవితో నేర్చినవారికే అది నిలుస్తుందన్న మాటలో సత్యం ఉంది. పద్ధతి ఇది: లావు తీగను సరిగ్గా మధ్యలో, 12వ మెట్టు పైన, నొక్కకుండా వేలితో తాకి మీటితే ఒక స్థాయి పైని స్వరం స్పష్టంగా పలుకుతుంది, తంబూర సాధకులు స్వయంభూ స్వరమని పిలిచే జాతికి చెందినదే ఇది. దాన్నీ, సన్నతీగ నుంచి లెక్కిస్తే రెండో తీగ అయిన 'డీ'నీ కలిపి మోగించి వింటూ బిరడను సడలించాలి. రెండు నాదాలు కొంచెం తేడాలో ఉన్నంతసేపూ వాటి మధ్య ఒక ఊగు వినిపిస్తుంది, ఒకటి 74.4 కంపనాల దగ్గర, మరొకటి 73.4 దగ్గర ఉంటే సెకనుకు ఒక్క ఊగు. తేడా తగ్గేకొద్దీ ఊగు నెమ్మదించి చివరకు ఆగిపోతుంది. అయితే దించుతూ వచ్చి అక్కడే ఆపకూడదు. బిరడ పళ్ల మధ్య మిగిలే సందు వల్ల తీగ ఆ తర్వాత జారుతుంది గనుక కావలసిన స్వరం కంటే కొంచెం కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ వచ్చి ఆపాలి. ఆపైన, మెడ మీద లాగుడు తగ్గినందువల్ల మిగతా మూడు తీగలు స్వల్పంగా పైకి పోయి ఉంటాయి కాబట్టి వాటినీ సరిచూడాలి. లావు తీగ 7వ మెట్టు మీద పలికే 'ఏ' ఖాళీగా మోగే మూడో తీగతో కలిస్తే దించిన పని సరిగా జరిగినట్టే.

పాశ్చాత్య రాక్ సంగీతం ద్వారా ఈ అమరికను తెలుసుకున్నవారు దాన్ని బరువైన ధ్వని కోసం వాడుకునే ఉపాయంగానే చూస్తారు. నాంపల్లి వైపు ఒక సాధన గదిలో గాయకుల పక్కన అదే అమరికను విన్నప్పుడు మాత్రం దాని విలువ వేరుగా బోధపడుతుంది. తెలుగు పాటకు ఆధారం గాయకుడి శ్రుతి, అంటే అతడు షడ్జంగా నిలుపుకునే స్వరం. హార్మోనియం మెట్లను బట్టి 'సీ'ని ఒకటి అనీ, 'డీ'ని రెండు అనీ, 'జీ'ని ఐదు అనీ లెక్కిస్తారు. సాధారణంగా పురుషులు ఒకటి, రెండు శ్రుతుల పరిసరాలలోనూ, స్త్రీలు ఐదు శ్రుతి దరిదాపుల్లోనూ పాడతారు. రెండు శ్రుతిలో పాడే గాయకుడికి, 'డీ', 'ఏ', 'డీ', 'జీ' అని దించిన బాస్ ఖాళీ తీగల మీదే మంద్ర షడ్జం, పంచమం, పై షడ్జం, దాని మీద మధ్యమం అందిస్తుంది. పాట సాగుతున్నంతసేపూ లావు తీగ షడ్జాన్ని పట్టి నిలుపుతూ, ఎడమచేతిని ఎక్కడికైనా కదిపే స్వేచ్ఛ వాద్యకుడికి దొరుకుతుంది. మామూలు శ్రుతిలో అంత లోతైన 'డీ' నాలుగు తీగల బాస్ మీద లేనే లేదు.

ఈ నాలుగు స్వరాలకే మరొక గుణం ఉంది. పున్నాగవరాళి, చెంచురుట్టి, కురంజి వంటి రాగాలు తారస్థాయి షడ్జం దాకా విస్తరించవు గనుక వాటిని మధ్యమ శ్రుతిలో, అంటే అప్పటివరకు మధ్యమంగా ఉన్న స్వరాన్ని షడ్జంగా మార్చుకొని, పాడడం కర్ణాటక సంప్రదాయం. తంబూర పంచమం తీగను అందుకోసం మధ్యమానికి దించుతారు. రెండు శ్రుతి గాయకుడు అలా మారినప్పుడు షడ్జం 'జీ' అవుతుంది; బాస్ మీద సన్నతీగే షడ్జం, రెండు 'డీ' తీగలూ పంచమాలు అవుతాయి, బిరడ తిప్పవలసిన పని ఉండదు. ఐదు శ్రుతి గాయని వచ్చి పాడినా లెక్క ఇదే. ఈ సౌలభ్యం యాదృచ్ఛికంగానే కుదిరినా, శ్రుతి మార్పును ధ్వని బరువు కోసం కాక గాయకుడి షడ్జం కోసం నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మెట్లున్న బాస్ స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తుంది; తంబూరలో సహజంగా వినిపించే పంచమం దీనికి, అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే, రెండు భాగాల తేడాలోనే ఉంటుంది గనుక చెవికి తెలియదు. బాస్ మెట్టు మీది అంతర గాంధారం మాత్రం తంబూర గాంధారం కంటే సుమారు పద్నాలుగు భాగాలు పైకి ఉంటుంది. తంబూర నడుస్తున్నప్పుడు ఆ మెట్టు మీద దీర్ఘంగా ఆగిన బాస్ గాయకుడి గాంధారాన్ని కలత పెడుతుంది. ఖాళీ తీగల షడ్జ పంచమాల మీద విశ్రమించడమే మేలు.

పరాయి వాద్యాన్ని మన శ్రుతికి తిప్పుకోవడం కొత్త సాహసమేమీ కాదు. బాలుస్వామి దీక్షితర్ (1786–1859) కర్ణాటక సంగీతంలో ప్రవేశపెట్టాడని చరిత్రకారులు చెప్పే వయొలిన్‌ను పాశ్చాత్యులు 'జీ', 'డీ', 'ఏ', 'ఈ'లకు బిగిస్తే, మన విద్వాంసులు ఆ నాలుగు తీగలనూ స ప స పలుగా మార్చుకున్నారు. ద్వారం వెంకటస్వామినాయుడు లోకాన్ని మెప్పించింది ఆ శ్రుతి మీదే. మనకు మరీ దగ్గరి ఉదాహరణ 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. రుద్రరాజు సుబ్బరాజు శిష్యుడైన ఆయన జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను స ప స ప సలుగా బిగించుకొని, గమకాలు పలకవని పేరుపడిన వాద్యం చేత ఆలాపనలు పలికించాడు. 2014లో ఆయన మరణించేనాటికి మాండలిన్‌ను కచేరీ వాద్యం కాదనగలవారు లేరు. శ్రుతిని వాద్యానికి వదిలేయక వాద్యాన్నే శ్రుతికి లొంగదీసిన ఆ తెగువను బాస్ వాద్యకులు శ్రద్ధగా చదువుకోవాలి.

నాంపల్లి సాధన గదిలోని కుర్రవాళ్లు ఆ దిశగా మరో అడుగు వేయాలనుకుంటున్నారు: లావు తీగను 'డీ'కి దించడంతోపాటు సన్నతీగను 'జీ' నుంచి 'ఏ'కి ఎత్తి, నాలుగు తీగలనూ వయొలిన్ లాగే స ప స పలుగా మార్చడం. ఎత్తడంలో ప్రమాదముంది, రెండు అర్ధస్వరాలు పెంచితే బిగువు 26 శాతం పెరిగి మామూలు 45 తీగ తెగవచ్చు, మెడ ముందుకు వంగవచ్చు. ఆబిడ్స్ ఉస్తాద్ చెప్పే పరిష్కారం 40 తీగ. తీగ బరువు దాని మందం వర్గాన్ని బట్టి తగ్గుతుంది గనుక 45 స్థానంలో 40 వేస్తే బిగువు 79 శాతానికి దిగి, 'ఏ'కి ఎత్తినప్పుడు మళ్లీ దాదాపు మొదటి స్థాయికే చేరుతుంది. లావు తీగకు కూడా 105 బదులు 115 లేదా 120 కొలత తీగ వేస్తే 'డీ' దగ్గర పాత బిగువే నిలుస్తుంది. ఒకటి శ్రుతి గాయకుడి కోసమైతే లెక్క మారి, 'సీ', 'జీ', 'సీ', 'జీ'లలో సన్నతీగను ముట్టుకోనక్కరలేదు. నాలుగో తీగగా 130 కావాలి, నట్ గాడి కోయక తప్పదు.